పర్యాటక మార్గదర్శినిలో దేనికి చోటు, దేనికి కాదు

పదిమంది కలిసి రాసే ప్రాంతీయ పర్యాటక మార్గదర్శినిలో తప్పుల మీద పెద్దగా గొడవ రాదు. తప్పు దొరికితే ఎవరో ఒకరు దిద్దుతారు, మిగిలినవారు సంతోషిస్తారు. అసలు పేచీ ‘మా ఊరి పేరు ఇందులో ఎందుకు లేదు’ అన్న ప్రశ్నతో మొదలవుతుంది. సొంత ప్రాంతం మీద మమకారం లేనివాళ్లు ఇలాంటి పనికి పూనుకోరు కాబట్టి ఆ ప్రశ్న అడగడం సహజమే. కానీ మార్గదర్శినిలో ఒక పేరు చేర్చామంటే, దాన్ని నమ్ముకుని డబ్బు, సెలవులు ఖర్చు పెట్టుకుని బయల్దేరే మనిషికి మాట ఇచ్చినట్టే. ఏది చేర్చాలో తేల్చేటప్పుడు ఆ మనిషి అవసరమే ముందు చూడాలని నా వాదన.

ఈ విషయంలో మనల్ని దారి తప్పించేది విజ్ఞాన సర్వస్వం అలవాటు. వికీపీడియాలో ఒక విషయానికి వ్యాసం ఉండాలంటే దానికి తగినంత ప్రాముఖ్యం ఉండాలి. తాను పర్యాటక మార్గదర్శిని కాదని వికీపీడియా నియమాలే చెబుతున్నాయి. 2006లో జర్మన్ భాషలో మొదలై, 2013 జనవరిలో వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ ప్రాజెక్టుగా వెలువడిన వికీవాయేజ్ ఎవరైనా రాయగల ఆన్‌లైన్ పర్యాటక మార్గదర్శిని. అది పెట్టుకున్న కొలబద్ద వేరు: ఆ చోట రాత్రి బస చేయగలమా? చేయగలిగితే దానికి సొంత పేజీ ఉండవచ్చు. లేకపోతే అది ఎంత పేరున్న మ్యూజియమైనా, కట్టడమైనా తానున్న ఊరి పేజీలోనే ఒక అంశంగా ఉంటుంది. పెద్ద జాతీయ ఉద్యానాల వంటి వాటికి మినహాయింపులున్నా మూలసూత్రం ఇదే. మొదటిసారి వింటే మొరటుగా అనిపిస్తుంది. ఆలోచిస్తే ఇంతకన్నా తెలివైన నియమం కనిపించదు. రెండు బస్సు మార్గాలు కలిసే ఒక చిన్న ఊళ్లో చరిత్ర ఏమీ లేకపోవచ్చు. అయినా చీకటి పడేవేళకు అక్కడ దిగిన ప్రయాణికుడికి ఏ రాజు పుట్టిన చోటుకన్నా ఆ ఊరి వివరాలే ముఖ్యం.

ఒక ప్రాంతం పేజీలో ప్రధాన నగరాల జాబితా తొమ్మిదికి మించరాదన్నది వికీవాయేజ్‌లోనే ఉన్న మరో కట్టుబాటు. పదో ఊరివాళ్లకు ఇది బాధ కలిగిస్తుంది. ఇంటర్నెట్‌లో కాగితం కొరత లేదు కదా, ఇంకో పేరు చేర్చితే పోయేదేమిటని అడుగుతారు. కాగితం కొరత లేకపోవచ్చు, చదివేవారి ఓపికకు మాత్రం హద్దుంది. నలభై పేర్లు వరసగా ఇచ్చి ఎంచుకోమంటే మనం చేయాల్సిన పనిని ఆ ప్రాంతం గురించి ఏమీ తెలియని మనిషి నెత్తిన వేసినట్టు అవుతుంది. పైగా పదో ఊరు ఎక్కడికీ పోదు. ఉపప్రాంతం పేజీలో దానికి చోటు ఉంటుంది.

ఇక ఒక్కో అంశంలో ఏం రాయాలి? ఒక జలపాతం గురించి ఇద్దరు రాశారనుకుందాం. మొదటివారు ‘ప్రకృతి ఒడిలో ఒదిగిన అద్భుతం, జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిందే’ అన్నారు. రెండోవారు ‘వేసవిలో ధార సన్నబడుతుంది. బస్సు దిగాక గంట నడక, చివర్లో నిటారు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. సాయంత్రం అయిదు దాటితే తిరుగు బస్సు ఉండదు’ అన్నారు. మొదటి వాక్యాన్ని ఏ జలపాతానికైనా అతికించవచ్చు. రెండోది చదివాకే, మోకాళ్ల నొప్పులున్న తల్లిని వెంట తీసుకెళ్లాలా వద్దా అన్నది తేలుతుంది. ఒక వాక్యం ఎవరి నిర్ణయాన్నీ మార్చలేకపోతే దాన్ని తీసేయడానికి నేను వెనుకాడను. హోటల్ యజమానులే తమ హోటల్ గురించి రాసుకునే పొగడ్తలకూ ఇదే మందు.

చోటు నిజంగా బాగున్నా చేర్చాలా వద్దా అన్న సందేహం వచ్చినప్పుడు పని కష్టమవుతుంది. కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ జాతీయ ఉద్యానంలో హైపీరియన్ అనే చెట్టు ఉంది. సుమారు 116 మీటర్ల ఎత్తుతో, ప్రపంచంలో బతికున్న చెట్లలో తెలిసినంతవరకు అదే ఎత్తైనది. 2006లో దాన్ని గుర్తించినప్పటి నుంచి అధికారులు ఆ చోటు బయటపెట్టలేదు. అయినా ఇంటర్నెట్‌లో ఆనవాళ్లు పొక్కాయి. కాలిబాట లేని అడవిలో జనం తొక్కుడుకు చెట్టు మొదలు చుట్టూ ఫెర్న్ మొక్కలు మాయమయ్యాయి, చెత్త పేరుకుంది. చివరికి 2022లో ఆ పరిసరాలను మూసేశారు. అడుగుపెడితే 5,000 డాలర్ల వరకు జరిమానా, 6 నెలల వరకు జైలు.

ఇలాంటి చోటు ఊసే ఎత్తకూడదని కొందరంటారు. నేను ఒప్పుకోను. మనం మౌనంగా ఉంటే చదివేవారు మరోచోట వెతుక్కుంటారు, అక్కడ హెచ్చరిక ఉండకపోవచ్చు. చెట్టు పేరు రాయాలి, మూసేశారని చెప్పాలి, అక్షాంశ రేఖాంశాలు మాత్రం ఇవ్వకూడదు. అదే ఉద్యానంలో చక్కని కాలిబాట ఉన్న లేడీ బర్డ్ జాన్సన్ వనానికి దారి చూపాలి. థాయ్‌లాండ్‌లో మాయా బే తీరాన్ని జనం తాకిడికి దెబ్బతిన్న పగడపు దిబ్బలు కోలుకోవడానికి 2018 నుంచి 2022 జనవరి దాకా మూసి ఉంచారు. ఆ కాలంలో ‘తప్పక చూడాల్సినవి’ అన్న జాబితాలో దాని పేరు దిద్దకుండా వదిలేసిన మార్గదర్శిని తీరానికీ మేలు చేయలేదు, ప్రయాణికుడికీ చేయలేదు.

అందుకే చేర్చే హక్కుతో పాటు తీసేసే ధైర్యం కూడా సంపాదకులకు ఉండాలి. వికీవాయేజ్‌లో ఒక్కో అంశానికి చివరిసారి సరిచూసిన తేదీ వేసే వీలుంది. ప్రతి ప్రాంతీయ మార్గదర్శినిలోనూ ఆ తేదీని తప్పనిసరి చేయాలని నేను కోరుతున్నాను. కొండలూ నదులూ కదలవు కాబట్టి వాటికి గడువు అక్కర్లేదు. భోజనశాలలు, బస్సు వేళలు, వసతి గృహాల విషయంలో మాత్రం ఏళ్లు గడిచినా ఎవరూ సరిచూడకపోతే, అది ఎవరి సొంత ఊరి వివరమైనా సరే, అనుమతి కోసం ఆగకుండా ఏ సంపాదకుడైనా తొలగించవచ్చని నియమం ఉండాలి. సరిచూసినవారు మళ్లీ చేర్చుకోవచ్చు.