పులిహోర పొట్లాల సమన్వయ శాస్త్రం

సాయం చేసే సంస్థలన్నిటినీ ఒక్క తాటి మీద నడిపించడం ఎలాగో నాకు 2024 సెప్టెంబరులో విజయవాడలో తెలిసొచ్చింది. బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాక ఎక్కడెక్కడి నుంచో స్వచ్ఛంద సంస్థలు, కాలేజీ కుర్రాళ్లు, సంఘాలవాళ్లు వ్యాన్లు కట్టుకుని వచ్చేశారు. మంచి మనసుకు లోటు లేదు, అది ఒప్పుకోవాలి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు గానీ, ఇక్కడ మంది పెరిగేకొద్దీ పులిహోర పెరిగింది.

అవును, అందరిదీ పులిహోరే. త్వరగా పాడవదు, పొట్లం కట్టడం తేలిక, పసుపురంగు ఫొటోలో బాగా పడుతుంది. తిన్నాక దాహమేస్తుందన్న సంగతే ఎవరికీ తట్టలేదు. చుట్టూ నడుంలోతు నీళ్లు, తాగడానికి గుక్కెడు లేవు. చంటిపిల్లలకు పాలు, పెద్దవాళ్లకు బీపీ మాత్రలు, ఆడవాళ్లకు ప్యాడ్లు, కరెంటు లేని రాత్రికి ఓ కొవ్వొత్తి, ఇవన్నీ పక్క సంస్థ చూసుకుంటుందని ప్రతి సంస్థా గట్టిగా నమ్మింది. పరస్పర విశ్వాసం అంటే ఇదే కదా!

పంపకం ఎక్కడ? ఫ్లైఓవర్ దగ్గర, ఎందుకంటే వ్యాన్లు అక్కడే ఆగుతాయి, బ్యానర్ తడవదు. దాంతో ఫ్లైఓవర్ పక్కవాళ్లకు పూటకు నాలుగు పొట్లాలు, లోపలి వీధుల్లో డాబాలెక్కినవాళ్లకు హెలికాప్టర్ దర్శనం. ప్రభుత్వం డ్రోన్లతో కూడా ఆహారం పంపింది, కానీ డ్రోన్ పక్కన నిలబడి ఫొటో దిగడం కష్టం కాబట్టి మావాళ్లు ఆ దారి పట్టలేదు.

ఇలా కాదని నేను 'సమన్వయం' పేరుతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. గంటలో 'అసలైన సమన్వయం' అని ఇంకోటి వెలిసింది, నేను అందర్నీ అడ్మిన్లను చెయ్యలేదట.

ఈ గొడవ ప్రపంచానికి కొత్తదేం కాదు. ఐక్యరాజ్యసమితివాళ్లు 2005లోనే క్లస్టర్లని మొదలుపెట్టి ఆరోగ్యం ఒకరికి, నీళ్లు ఒకరికి, గుడారాలు ఇంకొకరికి అని పంచుకున్నారు. అయినా 2010 భూకంపం తర్వాత హైతీలో ఆ సమావేశాలు చాలావరకు ఇంగ్లిషులో జరిగాయి, అక్కడి జనం మాట్లాడేదేమో క్రియోల్. ఆ లెక్కన మేమే నయం, కనీసం తెలుగులో తిట్టుకున్నాం.

ఐక్యరాజ్యసమితివాళ్ల దగ్గర ఒక మంచి పద్ధతుంది: ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారో ఒకే పట్టికలో రాసుకోవడం. అదే ప్రతిపాదించాను. మొదటి ప్రశ్న, "మా పేరు ఎన్నో వరసలో ఉంటుందండీ?" అకారాది క్రమంలో వేస్తానన్నాను. తెల్లారేసరికి నాలుగు సంఘాల పేర్ల ముందు 'అఖిల' వచ్చి చేరింది.

ఈలోగా ఓ వీధిలో ఆశా కార్యకర్త ఒకావిడ, తడిసిన నోట్‌బుక్కులో ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో, ఎవరికి ఇన్సులిన్ కావాలో రాసుకుని పడవవాళ్లకు దారి చెబుతోంది. పట్టిక అంటే అదే! కాబట్టి రెండు గ్రూపులూ కలిసి ఏకగ్రీవంగా తీర్మానించాం, ఆమెకు సన్మానం చెయ్యాలని. శాలువా కూడా కొన్నాం. ఎవరు కప్పాలన్నది ఇంకా తేలలేదు, ప్రస్తుతానికి మా ఇంట్లోనే ఉంది.