నీలి చుక్క చెప్పిన హద్దు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నెలకొకసారి తిరిగి వచ్చే సందేశం ఒకటుంది. "ఇక సర్వేయరు అక్కరలేదు. ఉపగ్రహాలు మీ పొలాన్ని అంగుళంతో సహా కొలుస్తున్నాయి, ఫోనులో హద్దులు చూసుకోండి. భూ ఆధార్ వచ్చాక మీ భూమిని ఎవరూ కాజేయలేరు. రేపు హద్దురాళ్లలో సెన్సర్లు పెడతారు, రాయి కదిలితే ఫోను మోగుతుంది. గట్టు తగాదాలు ఇంతటితో సరి." దీని సారాంశం ఇదే. ప్రతి వాక్యంలోనూ పిసరంత నిజం ఉండబట్టే జనం నమ్ముతున్నారు.

ముందు ఫోను సంగతి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా తూర్పు గట్టున హద్దురాయికి కాలు ఆనించి నిలబడి మ్యాపు తెరిచాను. నీలి చుక్క బాబాయి మిరప చేలో తేలింది. కదలకుండా నిలబడితే రెండు నిమిషాలకు మావైపు వచ్చి, అక్కడినుంచి వేపచెట్టు దగ్గరకు పోయింది. ఫోను చెడిపోలేదు. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తునుంచి తమ సమయాన్నీ, తాము ఉన్న చోటునూ ప్రకటిస్తూ పోతాయి, అంతే. ఎవరి పొలాన్నీ అవి చూడవు, కొలవవు. సంకేతం ఎంతసేపట్లో చేరిందో చూసి లెక్క కట్టుకునేది ఫోనే. దారిలో అయనోస్ఫియర్, అంటే వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర, ఆ సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు ఆ బెడద ఎక్కువ. మామూలు ఫోను ఆరుబయట నాలుగైదు మీటర్ల తేడాతో చెబితే బాగా చెప్పినట్టే. ఊరికి దారి చూపడానికి అది చాలు. అదే వంద మీటర్ల గట్టును నాలుగు మీటర్లు జరిపి చూడండి: 400 చదరపు మీటర్లు, అంటే దాదాపు 10 సెంట్లు, తెలంగాణ లెక్కలో 4 గుంటలు. అందులో సగానికే మాటలు మానుకున్న అన్నదమ్ములు నాకు తెలుసు.

సెంటీమీటర్లలో కొలిచేది రోవర్, అంటే కర్ర చివర బిగించిన సర్వే జీపీఎస్ పరికరం. కచ్చితమైన స్థానం ముందే తెలిసిన చోట శాశ్వతంగా నిలిపిన కార్స్ (CORS) అనే స్టేషన్ తన లెక్కలో వచ్చే దోషాన్ని ఎప్పటికప్పుడు చూసుకుంటుంది. దానికి తగ్గ సవరణ సెల్ నెట్‌వర్క్ మీదుగా రోవర్‌కు అందుతుంది. కర్ర నిటారుగా పట్టి, నీటిబుడగను నడిమికి తెచ్చి, తెరమీద 'ఫ్లోట్' (లెక్క ఇంకా తేలలేదు) పోయి 'ఫిక్స్' (తేలింది) పడేదాకా ఆగాలి. గుబురు చెట్టు కింద ఫిక్స్ పడటం కష్టం. సిగ్నల్ లేని చోట సవరణే రాదు. తొందరపడి ఫ్లోట్‌లోనే పాయింటు తీసుకుంటే తేడా అడుగుల్లోకి పోవచ్చు, కాగితం మీద దశాంశాలు మాత్రం ముచ్చటగానే కనిపిస్తాయి. సర్వేయరు అక్కరలేదన్నవారు ఒక్క మధ్యాహ్నం ఆ కర్ర పట్టుకుని చూడాలి.

ఇక పైనుంచి చూసే కళ్లు. డ్రోన్‌కు గట్టు కనిపిస్తుంది, హద్దు కనిపించదు. గ్రామాల్లో ఇళ్ల స్థలాల కోసం 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్ ఎగరకముందే మనుషులు నేలమీద సున్నంతో గీత గీస్తారు. ఇరుగుపొరుగు ఒప్పుకున్న ఆ తెల్లగీతనే డ్రోన్ ఫొటో తీస్తుంది. ఒప్పుకోకపోతే గీత ఎక్కడ పడాలో ఏ కెమెరా చెప్పలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలుపెట్టిన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు, కార్స్ అన్నీ వాడారు. అయినా విస్తీర్ణం తగ్గిందంటూ రైతులు అర్జీలు పెట్టారు. అన్నిటికీ యంత్రాన్ని తప్పుపట్టలేమని నా అభిప్రాయం. పొలం కొలతలు రాసిన పాత ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అయినా, అలాంటిదే అయిన తెలంగాణ టిప్పన్ అయినా గొలుసులు లాగి కొలిచిన లెక్క. ఆ తర్వాత నాగలి సాలుసాలుగా గట్టును తింటూ వచ్చింది. కొలిచే రోజున యజమాని డల్లాస్‌లో ఉంటే పక్క రైతు చూపిందే హద్దవుతుంది. సర్వేలో తేల్చిన హద్దును యజమానికి తెలిపే 9(2) నోటీసు తాళం వేసిన తలుపును చూస్తుంది.

భూ ఆధార్ అంటే స్థానాన్ని బట్టి భూమి ముక్కకిచ్చే 14 అక్షరాంకెల గుర్తింపు. రికార్డులో యజమాని పేరు తప్పుగా ఉంటే అది సరిదిద్దదు.

సెన్సర్ రాయి ఊహ నాకూ నచ్చింది. ఒరిగితే కబురు పంపే సెన్సరు చేయడం ఇప్పుడు కష్టం కాదు. అయితే ట్రాక్టరు తగిలిందా, పందికొక్కు తవ్విందా, పక్కాయన పీకాడా అన్నది అది చెప్పదు. రాయి ఉన్న చోటు సెంటీమీటర్లలో నమోదై ఉంటే, వరదలో అది కొట్టుకుపోయినా రోవర్‌తో వెళ్లి అక్కడే మళ్లీ పాతవచ్చు. ఈ సాంకేతికతతో మనకు దక్కే అసలు మేలు ఇదే, ఆ సందేశంలో లేనిదీ ఇదే. అందులోనూ ఒక మెలిక ఉంది. మనం నిలబడ్డ భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న రాతి పలక, ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది, ఇరవై ఏళ్లకు మీటరు. మా చేను, బాబాయి చేను కలిసే ప్రయాణిస్తాయి కాబట్టి తగాదా లేదు. కానీ ఆ అంకెలు ఏ సంవత్సరపు లెక్కో రాసిపెట్టకపోతే మనవడి కాలపు సర్వేయరు రాయిని మీటరు పక్కన పాతుతాడు.

తూర్పు గట్టుకు రోవర్ వచ్చే రోజున ఇద్దరం పొలంలోనే ఉండాలని బాబాయీ నేనూ అనుకున్నాం. ఎఫ్ఎంబీ నకలు తెచ్చే పని నాది, వేపకొమ్మలు కొట్టించే పని ఆయనది.