లేని వేలు మండుతోందంటే నవ్వాడు

కోపం ఇంకా దిగలేదు, తప్పులుంటే సర్దుకు చదువుకోండి.

లారీ కింద పడి తొడ దాకా కాలు పోయిన మా అన్నయ్యని ఇవాళ ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా, చంక కర్రలతో, కిక్కిరిసిన బస్సులో. అన్నయ్య సిగ్గు విడిచి చెప్పాడు, తీసేసిన కాలి బొటనవేలు రాత్రిళ్లు మండుతోందని, నిద్ర లేదని. ఆ మహానుభావుడు నవ్వాడండీ! "లేని వేలు ఎలా మండుతుంది? అదంతా భ్రమ, మనసు గట్టి చేసుకో" అన్నాడు. అదీ హిందీలో. ఇంక అన్నయ్య నోరు విప్పితే ఒట్టు. ఫీజు మాత్రం భ్రమలో తీసుకోలేదు, నోట్లు లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు.

అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులని చూసిన వెయిర్ మిచెల్ అనే డాక్టరు 1871లోనే ఈ లేని అవయవం సంగతి రాశాడు. కాలు పోయినా మెదడులో దాని చోటు పోదు. మన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్.రామచంద్రన్ 1990లలో అద్దం పెట్టి, ఉన్న చేతి ప్రతిబింబం చూపించి లేని చేతి నొప్పి తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. ఫోన్ గీకితే నాకు దొరికింది ఈ కౌన్సెలర్‌కి దొరకలేదా? క్లినికల్ సైకాలజిస్ట్ అనాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగాను. "మీకెందుకమ్మా అవన్నీ" అన్నాడు. అవునులే, అన్నయ్య బుర్రే కదా, ఎవరు కెలికితే ఏటి!

ఇంట్లోవాళ్లు ఇంకా నయం అనుకుంటున్నారేమో. "కాలే కదా పోయింది, ప్రాణం దక్కింది, ఏడుపెందుకు" అని మా మేనత్త, వచ్చిన ప్రతిసారీ. ఆవిడకి పన్ను పీకితే వారం రోజులు మంచం దిగలేదు.

కృత్రిమ కాలు కావాలా, ఎవరైనా ఇస్తారు. శిబిరం పెడతారు, శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో జాతీయ సంస్థే ఉంది. కానీ ఆ కాలు తగిలించుకుని వీధిలోకి రావడానికి మనిషికి మనసొప్పద్దా? దానికి శిబిరం లేదు, ఫొటోలో పడదు కాబట్టి. టెలి మానస్ అని కేంద్రం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416కి చెయ్యమంటారు. 2022లో పెట్టారు, ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు, కాదనను. ఫోన్లో అద్దం ఎవడు పట్టుకుంటాడు?

అసలు మా గొడవంతా 1936ది. పర్లాకిమిడి సంస్థానాన్ని కోసి ఊరిని ఒడిశాలో కలిపారు, మిగతా ముక్కని మద్రాసుకి వదిలారు. పక్కనే ఆంధ్రాలోని పాతపట్నం, ఆటోలో వెళ్లిపోవచ్చు, అయినా అక్కడి ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) మాకు చెల్లదు, కార్డు ఒడిశాది. ఇక్కడేమో ఫారాలన్నీ ఒడియాలో. అటు వెళ్తే "మీరు ఒడిశావాళ్లు కదా", ఇటు వస్తే "మీరు తెలుగోళ్లు కదా". ఓట్లప్పుడు మాత్రం ఇరువైపుల నాయకులకీ తెలుగు తెగ వచ్చేస్తుంది, గుమ్మంలో నిలబడి వరసలు కలిపేస్తారు. మొన్న ఒకాయన అన్నయ్య తొడ కింద ఖాళీగా వేలాడే ప్యాంటు చూసి "పెన్షన్ వస్తోందా?" అన్నాడు. అంతే. అదొక్కటే అడుగుతారు.

బరంపురం, శ్రీకాకుళం, విశాఖ, ఎక్కడైనా సరే, కాళ్లు పోయినవాళ్లని నిజంగా చూసిన, తెలుగులో మాట్లాడే మనిషి తెలిస్తే కింద రాయండి. రిజిస్ట్రేషన్ నంబరుతో సహా. యోగా చెయ్యమనండి, గుడికి పంపండి అని రాసేవాళ్లని చదవకుండానే బ్లాక్ చేస్తా.