వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, నిజమే

మొన్న ఆదివారం మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఒక వీడియో పెట్టాడు. భూమి ఎప్పుడూ వేడెక్కుతూ, చల్లారుతూనే ఉందట. అంతా సూర్యుడి పని, అగ్నిపర్వతాల పని అట. గ్లోబల్ వార్మింగ్ అనేది గ్రాంట్ల కోసం సైంటిస్టులు అల్లిన కథట. కింద నాకో సవాలు: "ఏరా, జియాలజీ చదివావు కదా, ఇందులో తప్పేంటో చెప్పు చూద్దాం."

చిక్కేమిటంటే ఆ వీడియోలో సగం కరెక్టే. ఇంకో చిక్కు, డిగ్రీ అయ్యాక దాదాపు పదేళ్లు నేనూ అదే పాట పాడాను.

నాకు ఆ అనుమానం పుట్టింది భీమిలి దారిలో, ఎర్రమట్టి దిబ్బల మీద. మీరు సినిమా పాటల్లో చూసుంటారు. డిగ్రీ రెండో ఏడాది ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్లాం. వాన నీరు కోసేసిన గెడ్డలోకి దిగి మాస్టారు గోడని గోటితో గీశారు. పొడి రాలింది. బంకమట్టి కాదు, మెత్తటి ఇసుక. "ఇది సముద్రం ఒడ్డు ఇసుకరా. మంచుయుగంలో నీళ్లన్నీ ధ్రువాల దగ్గర గడ్డకట్టుకుపోతే సముద్రం వెనక్కి పోయింది. బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది" అన్నారు. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పుడు కారు లేదు, కరెంటు లేదు, ఫ్యాక్టరీ అసలే లేదు. ఆ ఇసుక చేతిలో పట్టుకున్నవాడికి "వాతావరణం మనిషే మారుస్తున్నాడు" అంటే నవ్వు రాదా? నాకు వచ్చింది.

పైగా మన దగ్గర కావలసినన్ని ఉదాహరణలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఏసీలు రాకముందుదే. 1876లో వచ్చిన ధాత కరువు రాయలసీమని ఊడ్చేసింది. దాని వెనక ఉన్నది పసిఫిక్‌లో పుట్టిన పెద్ద ఎల్ నినో (అక్కడి సముద్రం నీళ్లు వేడెక్కి మన వానల్ని చెడగొట్టడం), దాని మీద తెల్లదొరల నిర్దయ. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఈ గోలే లేదు. ఇవన్నీ చెప్పి ఎంతోమందితో వాదించి గెలిచాను. గెలిచానని అనుకున్నాను.

నన్ను కదిలించింది ఏ పర్యావరణవాదో కాదు, సెర్బియా ఇంజనీరు మిలుటిన్ మిలాంకోవిచ్. మంచుయుగాలు రావడానికీ పోవడానికీ భూమి నడకే కారణమని లెక్క కట్టిన మనిషి. కక్ష్య ఆకారం సుమారు లక్ష ఏళ్లకోసారి, ఇరుసు వంపు 41,000 ఏళ్లకోసారి మారుతూ ఉంటాయి. "సహజ కారణం" అంటే అసలు సిసలు సహజ కారణం ఇదే. మరి ఆ లెక్క ప్రకారం ఇప్పుడు మనం ఎటు పోవాలి? నెమ్మదిగా చల్లబడే వైపు! అది చదివిన రోజు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. నేను నెత్తిన పెట్టుకున్న సాక్షే నాకు ఎదురు తిరిగాడు.

ఆ తర్వాత వేగం సంగతి చూశాను. మా దిబ్బల దగ్గర నుంచి సముద్రాన్ని వెనక్కి లాక్కెళ్లిన ఆ చలి వదలడానికి, అంటే భూమి సగటున ఐదారు డిగ్రీలు వేడెక్కడానికి, పదివేల ఏళ్ల దాకా పట్టింది. ఇప్పుడు నూటయాభై ఏళ్లలోనే 1.3 డిగ్రీల దాకా వచ్చేశాం. అప్పటి సగటు వేగానికి ఇది దాదాపు పదిహేను రెట్లు. "ఎప్పుడూ మారుతూనే ఉంది" అనేవాళ్లు ఈ వేగం ఊసెత్తరు. నేనూ ఎత్తలేదు.

సరే, సూర్యుడు? 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి నుంచి వచ్చే శక్తిని కొలుస్తూనే ఉన్నాయి. పదకొండేళ్లకోసారి కొంచెం పెరిగి, కొంచెం తగ్గుతుంది. ఆ తేడా వెయ్యిలో ఒక వంతు. వేడి పెరిగిన ఈ నాలుగు దశాబ్దాల్లో సూర్యుడు పెరిగింది లేదు. అంతకన్నా గట్టి రుజువు ఇంకోటుంది. ఎండే ఎక్కువైతే పైనుంచి కిందిదాకా గాలంతా వేడెక్కాలి. కానీ కింది పొర వేడెక్కుతుంటే, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. దుప్పటి ముసుగేసుకుంటే లోపల ఉక్కపోత, దుప్పటి పైన మామూలు చలి. ఇదీ అంతే.

అగ్నిపర్వతాల గురించి మా వాళ్లకి చెప్పడం మరీ సులువు. కొవ్వూరు పక్కన పంగిడి, గౌరీపట్నం క్వారీల నుంచి వచ్చే నల్లకంకర మన ఇళ్ల స్లాబుల్లో ఉంటుంది కదా, అది దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. అలాంటి లావా పారిన కాలాల్లో భూమి వాతావరణం తలకిందులైన మాట వాస్తవం. కానీ ఇవాళ? ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్, మనం తగలబెట్టే బొగ్గు, ఆయిల్ నుంచి వచ్చేదానిలో నూటికి ఒక వంతు అటూఇటూ. పైగా పెద్ద పేలుడు జరిగితే భూమి చల్లబడుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినతూబో బద్దలైతే ఒకట్రెండేళ్లు ప్రపంచం అర డిగ్రీ దాకా చల్లబడింది.

ఇక గాలిలో పెరిగిన కార్బన్ ఎవరిదో ఎలా తెలుసని బాబాయ్ అడిగాడు. మంచి ప్రశ్న. బతికున్న చెట్టులో, మనిషిలో కార్బన్-14 అని ఒక రకం కొద్దిగా ఉంటుంది. చచ్చిపోయాక 5,730 ఏళ్లకోసారి సగానికి సగం తగ్గిపోతుంది. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకి పైబడిన అడవి. దాన్లో కార్బన్-14 ఇంకెక్కడిది? సున్నా. అలాంటి బొగ్గునీ పెట్రోలునీ తగలబెడితే గాలిలో కార్బన్-14 వాటా పలచబడాలి. పలచబడినట్టు శాస్త్రవేత్తలు 1950లలోనే చూశారు. పాలల్లో ఎంత నీళ్లు కలిశాయో లాక్టోమీటర్ పెట్టి చెప్పినట్టే. హవాయిలో మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల్లో 315 వంతులున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

అనుమానించేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2007 రిపోర్టులో హిమాలయ హిమానీనదాలు 2035కల్లా మాయమైపోతాయని రాశారు. మన జియలాజికల్ సర్వేలో పనిచేసిన వి.కె. రైనా 2009లో ఆ భయానికి ఆధారం లేదన్నారు. అప్పటి ఐపీసీసీ ఛైర్మన్ రాజేంద్ర పచౌరీ దాన్ని 'ఊడూ సైన్స్' అని ఈసడించారు. మరుసటి ఏడాది ఐపీసీసీ తప్పు ఒప్పుకుంది. గెలిచింది రైనాగారే, అదీ హిమానీనదాల మీద తిరిగిన మనిషి కాబట్టి. అమెరికాలో రిచర్డ్ ముల్లర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌ కూడా ఈ ఉష్ణోగ్రతల లెక్కలు నమ్మలేదు. తనే టీమ్ పెట్టుకుని డేటా అంతా మొదట్నుంచీ తిరగేశాడు. ఆయనకొచ్చిన డబ్బులో కొంత ఆయిల్ వ్యాపారి చార్లెస్ కోక్ ఫౌండేషన్‌ది. 2012లో ఆయనే బయటికొచ్చి, వేడి పెరిగింది నిజం, కారణం దాదాపు మొత్తం మనుషులేనని చెప్పాడు. మా బాబాయ్ అనుమానం ఇక్కడిదాకా రాదు. శాస్త్రవేత్తని అనుమానిస్తాడు, ఫార్వర్డ్‌ని మాత్రం కళ్లు మూసుకుని నమ్ముతాడు!

ఇటువైపు వాళ్ల మీదా నాకు కోపం ఉంది. ప్రతి వానకీ క్లైమేట్ ఛేంజ్ అంటారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడలోకి వచ్చింది. వాన అసాధారణమే, ఒప్పుకుంటా. కానీ వాగుని ఆక్రమించిందీ, కట్టల్ని పట్టించుకోనిదీ కార్బన్ డయాక్సైడ్ కాదు కదా. నాయకులకి ఇదొక మంచి సాకు దొరికింది. రాత్రిళ్లు డాబా మీద పడుకోలేకపోతున్నాం చూడండి అంటూ పోస్టులు పెడతారు. మా డాబా చుట్టూ ఐదు అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ సెగలో సిమెంటు వాటా ఎంతో, భూమి వాటా ఎంతో మా డాబా ఒక్కటే చెప్పలేదు.

ఇదంతా వాయిస్ మెసేజుల్లో చెబితే బాబాయ్ రెండు రోజులు పలకలేదు. మూడో రోజు, "మన దేశంలో 1901 నుంచి 2018 దాకా పెరిగింది 0.7 డిగ్రీలేనని సర్కారు రిపోర్టే చెబుతోంది. ప్రపంచం కన్నా తక్కువ. దీనికేమంటావు?" అన్నాడు. ఈసారి వీడియో పెట్టలేదు. రిపోర్టు తెరిచి చూశాడన్నమాట! నాకు భలే సంతోషమేసింది.

"దుమ్ము, పొగ బాబాయ్. గాలిలో తేలే ఆ మసి, ధూళి కొంత ఎండని అడ్డుకుంటున్నాయి. ఆ రిపోర్టులోనే ఉంది చూడు. సాగునీళ్ల తడి కూడా కొంత చల్లబరుస్తుంది."

"అంటే ఆ పొగ తీసేస్తే ఇంకా వేడెక్కుతుందా?"

"కొంత వేడెక్కుతుంది బాబాయ్."

"మరి ఆ ముక్క ఎవరూ చెప్పరేంట్రా?"