లౌడన్ స్కూళ్ళ మీద తిరుగుతున్న ఆ ఫార్వర్డ్‌కి జవాబు

అమెరికాలో ఉత్తర వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో, ముఖ్యంగా యాష్‌బర్న్, బ్రాంబుల్టన్, ఆల్డీ వైపు మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. దాని సారం ఇది: "లౌడన్ కౌంటీ బిల్డర్ల దగ్గర డబ్బు తీసుకుని ఎడాపెడా ఇళ్ళకు పర్మిషన్ ఇస్తోంది. స్కూల్ బోర్డు చూస్తూ ఊరుకుంది. అపార్ట్‌మెంట్లు ఆపేస్తే స్కూళ్ళలో రద్దీ తగ్గుతుంది. నది అవతల మేరీలాండ్‌లో ఆపేశారు, ఇక్కడెందుకు ఆపరు? మనకు ఓటు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు."

కోపం అర్థమవుతుంది. పిల్లాడి క్లాసు స్కూలు వెనక ట్రైలర్ అనే తాత్కాలిక గదిలోకి మారిస్తే ఎవరికైనా మండుతుంది. 2000లో ఈ కౌంటీ జనాభా 1,69,599. 2020కి 4,20,959. అంత జోరుగా పెరిగిన ఊళ్ళో ఇబ్బందులు లేవని ఎవరూ అనరు. కానీ ఈ మెసేజ్‌లో చాలా మాటలు తప్పు. మిగతావి అడగాల్సిన చోట అడగని ప్రశ్నలు.

మొదట "డబ్బు తీసుకుని" అన్న మాట. స్థలాన్ని ఇళ్ళ జోన్‌లోకి మార్చమని, అంటే రీజోనింగ్ కోసం, బిల్డర్ దరఖాస్తు పెట్టుకుంటాడు. దాంతోపాటు కొన్ని హామీలు రాసిస్తాడు. వాటినే ప్రాఫర్లు అంటారు. స్కూలుకు ఇన్ని ఎకరాలు, రోడ్డుకు ఫలానా పని, ఒక్కో ఇంటికి ఇంత నగదు అని అందులో ఉంటుంది. ఇది బల్ల కింద వ్యవహారం కాదు. కౌంటీ రికార్డుల్లో ఎవరైనా చదువుకోవచ్చు. ఆ భూమి చేతులు మారినా ఆ హామీలు దాన్ని వదలవు.

అసలు బాధ ఏమిటంటే, కౌంటీ ఎక్కువ తీసుకోవడం కాదు, తీసుకోలేకపోవడం. రిచ్‌మండ్‌లోని రాష్ట్ర శాసనసభ 2016లో ఒక చట్టం చేసింది. ఆ ఏడాది జులై 1 నుంచి వచ్చిన దరఖాస్తులకు అది వర్తిస్తుంది. ఆ కొత్త ఇళ్ళ వల్లే స్కూలు సామర్థ్యం దాటుతుందని లెక్కతో చూపగలిగితేనే స్కూలు కోసం ప్రాఫర్ తీసుకోవాలి. ఉన్న సీట్లు సరిపోయేలా ఉంటే అడగడానికి వీల్లేదు. 2019 దాకా అయితే "అసమంజసమైన" హామీ అడగడం కూడా తప్పే. ఏది అసమంజసమో కోర్టు తేల్చాలి కాబట్టి, బిల్డర్లతో నోరు విప్పాలంటేనే కౌంటీల సిబ్బందికి టెన్షన్. ఆ ఏడాది కాస్త సడలించి, మాట్లాడుకునే వీలు కల్పించారు.

ఇంకో చిక్కుంది. ఇళ్ళ నగదు ప్రాఫర్ పర్మిషన్ రోజున చేతికి రాదు. ఇల్లు పూర్తయి, ఆఖరి ఇన్‌స్పెక్షన్ అయ్యాక, ఒక్కో ఇంటికి విడివిడిగా వస్తుంది. కుటుంబం సామాను దింపుకునే నాటికి డబ్బు ఖాతాలో పడుతుంది. స్కూలు కట్టడానికి ఏళ్ళు పడుతుంది. పిల్లలు మాత్రం ఆ సెప్టెంబరులోనో, ఆగస్టులోనో బస్సెక్కాలి. పైగా ఆ డబ్బు కట్టడాలకే, టీచర్ల జీతాలకు కాదు. అందుకే కొత్త స్కూళ్ళకు ప్రధానంగా బాండ్లే, అంటే ఓటర్ల అనుమతితో కౌంటీ చేసే అప్పే, దిక్కు. నవంబరు బ్యాలెట్‌లో అధ్యక్షుడి పేరు దగ్గరే ఆగిపోకుండా చివరిదాకా చదివితే ఆ బాండ్ ప్రశ్న కనిపిస్తుంది.

"కౌంటీ అనుకుంటే ఆపేయగలదు." పూర్తిగా కాదు. జోనింగ్ ముందే ఒప్పుకున్న స్థలంలో ఇల్లు కట్టడం యజమాని హక్కు. అక్కడ రీజోనింగ్ లేదు, కాబట్టి కొత్త ప్రాఫరూ లేదు. వర్జీనియాలో కౌంటీలకు రాష్ట్రం ఇచ్చిన అధికారాలే ఉంటాయి, సొంతంగా నిషేధాలు పెట్టుకోలేవు. 2003లో పడమటి లౌడన్‌లో ఎకరాలకు ఇన్నే ఇళ్ళు అని కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డు గట్టిగా తగ్గించింది. 2005లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కారణం, పత్రికలో వేసిన ప్రకటన సరిపోలేదని. ఇంత చిన్న మెలిక మీద అంత పెద్ద నిర్ణయం పడిపోయిన చోట, "అనుకుంటే చాలు" అనడం అమాయకత్వం.

స్కూల్ బోర్డు సంగతి. తొమ్మిది మంది సూపర్‌వైజర్ల బోర్డు వేరు, తొమ్మిది మంది స్కూల్ బోర్డు వేరు. రీజోనింగ్‌కి ఓటేసేదీ, పన్ను రేటు పెట్టేదీ సూపర్‌వైజర్లు. స్కూల్ బోర్డుకి పన్ను వేసే అధికారమే లేదు. ఈ ప్రాజెక్టు వల్ల ఎంతమంది పిల్లలు రావచ్చో స్కూళ్ళ సిబ్బంది లెక్కకట్టి ఇస్తారు, అంతవరకే. అయితే ఏ వీధి పిల్లలు ఏ స్కూలుకి వెళ్ళాలో గీత గీసేది మాత్రం స్కూల్ బోర్డే. ఆ గీత మారుతుంది కూడా. "ఫలానా స్కూలు గ్యారంటీ" అని ఏజెంటు చెప్పిన మాట నమ్మి ఇల్లు కొన్నవాళ్ళకు ఇది బాగా తెలుసు.

అపార్ట్‌మెంట్ల మీద ఏడుపు అనవసరం. ఒక్కో ఇంటి లెక్కన ఎక్కువమంది పిల్లలు వచ్చేది విడి ఇళ్ళ నుంచి, తర్వాత టౌన్‌హౌస్‌ల నుంచి. అపార్ట్‌మెంట్లు ఆఖరు. నాలుగు బెడ్‌రూమ్‌ల ఇంట్లో కూర్చుని ఈ ఫార్వర్డ్ పంపుతున్నాం మరి.

మేరీలాండ్ ముచ్చట సగమే చెప్పారు. మాంట్‌గమరీ కౌంటీలో స్కూళ్ళు సామర్థ్యంలో 120 శాతం దాటే ప్రాంతాల్లో కొత్త ఇళ్ళు ఆపే రూలు నిజంగానే ఉండేది. 2020 నవంబరులో కౌన్సిల్ దాన్ని చాలా ప్రాంతాల్లో ఎత్తేసి, కిక్కిరిసిన చోట బిల్డర్ అదనంగా డబ్బు కట్టే పద్ధతి పెట్టింది. పాత ఇళ్ళు అమ్ముడుపోయి, పెద్దవాళ్ళు వెళ్ళి పిల్లలున్న కుటుంబాలు దిగడం వల్ల కూడా స్కూళ్ళు నిండుతున్నాయని వాళ్ళ ప్లానర్లు తేల్చారు. కొత్త కట్టడం ఆపినంత మాత్రాన అది ఆగదు.

ఇక ఓటు. హెచ్-1బీ, గ్రీన్‌కార్డు వాళ్ళకు ఓటు లేదు, నిజమే. కానీ పబ్లిక్ హియరింగ్‌లో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. పేరు రాయించుకుంటే చాలు. స్కూల్ సరిహద్దులు మార్చే రోజు మనవాళ్ళు కుటుంబాలతో సహా హాలు నింపేస్తారు. అప్పటికి ఇళ్ళు కట్టేసి ఉంటాయి. ఆ ఇళ్ళ రీజోనింగ్ నోటీసు బోర్డు రోడ్డు పక్కన గడ్డిలో పాతిపెట్టి ఉన్నన్నాళ్ళూ రోజూ దాని పక్కనుంచే ఆఫీసుకు వెళ్తాం. అందులో దరఖాస్తు నంబరు, హియరింగ్ తేదీ ఉంటాయి. ఫార్వర్డ్ చేయాల్సింది ఆ ఫొటో.