లక్ష ల్యూమెన్ల టార్చిలైటు గారికి

మహారాజశ్రీ రీఛార్జబుల్ ఎల్ఈడీ టార్చిలైటు గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం, మొక్కజొన్న చేను తప్ప. రాత్రి పందులొచ్చాయి. తమరు నా చేతిలో ఉండగానే వచ్చాయి.

గట్టు అవతల చప్పుడైతే మంచె మీంచి తమరిని నొక్కాను. మొదట్లో వెలుగు బ్రహ్మాండంగా వచ్చింది, కాదనను. గట్టు మీద తుమ్మచెట్టు కొమ్మకొమ్మా కనిపించింది, పందులు కూడా తలెత్తి చూశాయి. ఆ తర్వాత తమరి ఒళ్లు వేడెక్కడం మొదలైంది. చెయ్యి ఎంత కాలుతుంటే వెలుగు అంత వెనక్కి రావడం, ముందు తుమ్మచెట్టు దాకా, తర్వాత బోరు దాకా, చివరికి మంచె కింద నాలుగు సాళ్లు. పందులు మళ్లీ తలలు దించుకుని పని చూసుకున్నాయి. పెంచుదామని నొక్కితే టపటపా కొట్టుకునే మోడ్. ఇంకోసారి నొక్కితే ఎస్ఓఎస్, ఆపదలో ఉన్నాం కాపాడండనే సంకేతం. మూడు పొట్టివి, మూడు పొడుగువి, మళ్లీ మూడు పొట్టివి. ఎవరికండీ ఆ కబురు? పందులకా?

సరే, బటన్ సంగతి వదిలేద్దాం. ఆపాలంటే అన్ని మోడ్‌లూ దాటుకుంటూ వెళ్లాలి, అదీ వదిలేద్దాం. జూమ్ లాగితే నేల మీద నలుచదరంగా ఎల్ఈడీ బొమ్మ పడుతుంది, ఛార్జింగ్ పిన్ను మూత వారానికే ఊడింది, అవీ వదిలేద్దాం. పెట్టె మీద ఆ లక్ష మాత్రం నేను వదలను.

పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు జీతం చెప్పినట్టు లక్ష ల్యూమెన్లు అని అచ్చేసుకున్నారు. ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత. పాతకాలం 60 వాట్ల బల్బు ఇచ్చేది 700, 800 ల్యూమెన్లు. ఇప్పుడు మా వసారాలో ఉన్న 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 900 దాకా ఇస్తుంది. అంటే తమరొక్కరే అలాంటివి నూటపదికి సమానమన్నమాట. వాట్‌కు వంద ల్యూమెన్ల లెక్కన వెయ్యి వాట్లు కావాలి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. చేత్తో పట్టుకునే లైటు ఒకటింబావు హార్స్‌పవర్ పైమాటే తాగుతుందా? అలాంటప్పుడు నీతో లైటెందుకు, ఇంకో బోరే వేయించుకునేవాణ్ణి కదా!

మీరు నుంచి నువ్వులోకి దిగాను, గమనించే ఉంటావు. ఇక పైకి ఎక్కను.

పొద్దున్నే నీ తోక మర విప్పి లోపలి సెల్లు తీశాను. 18650 రకం, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. పైన ఎర్ర ప్లాస్టిక్ తొడుగు మీద 9900 ఎంఏహెచ్ అని ఉంది, అంటే ఛార్జి పట్టే సామర్థ్యం. ఈ సైజులో మంచి కంపెనీల సెల్లే 3500, మహా అయితే 4000 దగ్గర ఆగిపోతుంది, నీకెక్కడిదిరా 9900? కిరాణా కొట్టులో కాటా మీద పెట్టించాను. అసలు సెల్లు 45 గ్రాములు, ఆ పైన తూగుతుంది. నీది అందులో సగం దగ్గర ఆగింది. కొట్టాయన ఇంకోసారి పెట్టి చూసి, ‘లోపల ఏమన్నా ఉందా అసలు?’ అన్నాడు. పోనీ 3500 ఉందనే అనుకుందాం, వెయ్యి వాట్ల లైటు వెలిగితే నిమిషంలోపు ఖాళీ. నీ మాటే నమ్మి 9900 వేసుకున్నా రెండు నిమిషాల పైన చిల్లర. మరి ‘12 గంటలు’ అని ఎవడు రాశాడు?

వేడెక్కితే వెలుగు తగ్గించుకోవడం తప్పని నేననట్లేదు. మంచి టార్చిలు కూడా తగ్గించుకుంటాయి, లేకపోతే ఎల్ఈడీ మాడిపోతుంది. కాకపోతే అవి ఆ మాట ముందే కాగితం మీద చెబుతాయి. అమెరికాలో 2009లోనే దీనికి ఎఫ్ఎల్1 అని ఒక ప్రమాణం పెట్టారు. ల్యూమెన్లు కొలిచేది వెలిగించిన అర నిమిషం తర్వాతే. దూరం అంటే పున్నమి వెన్నెలంత వెలుగు, 0.25 లక్స్, పడే చోటు దాకా. వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా ఎంతసేపు వెలిగితే అది బ్యాటరీ సమయం. ఇది కూడా కంపెనీలకు కాస్త అనుకూలంగానే ఉందని నా అభిప్రాయం, అయినా ఏదో ఒక కొలత ఉంది కదా. నీ పెట్టె మీద ‘2 కిలోమీటర్లు’ అని ఉంది. రెండు కిలోమీటర్ల అవతల పక్క ఊరుంది. వాళ్ల పందులను కూడా నువ్వే కాపలా కాస్తావా?

ఉన్నమాట చెప్పు, నీలో ఉన్నది ఓ మూడు, నాలుగు వందల ల్యూమెన్లు. పెట్టె మీద అదే రాసి ఉంటే కొనేవాణ్ణే. రాత్రి మొదట్లో నువ్వు వెలిగిన తీరు చూశాక ఆ మాట అనక తప్పదు.

చేలోకి ఈ రాత్రి నుంచి మూడు సెల్లుల పాత లైటే తీసుకెళ్తున్నాను. నువ్వు వంటింట్లో గూట్లో ఉండు. కరెంటు పోయినప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయో లేదో చూడ్డానికి నీ మిగిలిన వెలుగు చాలు. టపటపా కొట్టుకునే మోడ్ మాత్రం వద్దు, మా అమ్మకు కళ్లు తిరుగుతాయి.

ఇట్లు,
సగం చేను మిగిలిన రైతు