స్పోర్ట్స్ కార్ల మైలేజీ: ఆదా అయిన పెట్రోలు ఎటు పోయింది?

కావలి దాటాక హైవే పక్కన టీ కొట్టు దగ్గర స్పోర్ట్స్ కారు ఏదైనా ఆగితే, చుట్టూ మూగిన వాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: ‘అన్నా, లీటరుకు ఎంతిస్తుంది?’ కోటి దాటిన బండికి ఇదేం ప్రశ్న అని నవ్వుకునే వాళ్లున్నారు. నా మటుకు నాకు ప్రశ్న బాగానే ఉంది, వచ్చే జవాబులే బాగుండవు. పాత బండి ఓనరు ‘అప్పటి ఇంజిన్లే వేరు’ అంటాడు. కొత్త బండి ఓనరు కంపెనీ చెప్పిన అంకెను అప్పజెబుతాడు. నిజానికి మైలేజీ పెరిగింది. పెరగాల్సినంత పెరగలేదు, అంతే. ఆదా అయిన పెట్రోల్లో ఎక్కువ భాగాన్ని కంపెనీలు పవర్ కింద మార్చి మనకే అమ్మాయి.

బరువు పెద్దగా పెరగని కారుతో మొదలుపెడదాం. మాజ్దా ఎంఎక్స్-5ను మన దేశంలో అమ్మలేదు గానీ, పోలికకు ఇంతకన్నా మంచి బండి దొరకదు. 1990 మోడల్‌కు 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్, బరువు టన్ను లోపే. 2016 మోడల్‌కు 2 లీటర్ల ఇంజిన్, 155 హార్స్‌పవర్, బరువు టన్నుకు కాస్త పైన. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ అంకెల్ని మన లెక్కలోకి మారిస్తే పాతది లీటరుకు దాదాపు 10, కొత్తది 12 పైచిలుకు. పాతికేళ్ల ఇంజనీరింగ్‌కు దక్కింది రెండు కిలోమీటర్ల చిల్లర.

పోర్షే 911 సంగతి ఇంకా స్పష్టం. 1964లో దానికి 2 లీటర్ల ఇంజిన్, కార్బురేటర్లు, 130 హార్స్‌పవర్, 1,080 కిలోల బరువు. 2020 మోడల్ 911 కరెరాకు 3 లీటర్ల ట్విన్ టర్బో (గాలిని బలవంతంగా నెట్టే టర్బోలు రెండున్న) ఇంజిన్, 380 దాకా హార్స్‌పవర్, 1,500 కిలోల బరువు. ఈపీఏ లెక్కన ఊళ్లో లీటరుకు ఏడున్నర, హైవే మీద పది. బలం మూడింతలైంది, ఒంటి మీద నాలుగు వందల కిలోలు చేరాయి, అయినా ఇంత ఇస్తోందంటే ఇంజనీర్ల పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే. అదే పనితనాన్ని 130 హార్స్‌పవర్ దగ్గర ఆపి వాడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. అలాంటి కారును ఎవరూ కొనరు, అది వేరే సంగతి.

పాత బ్రోచర్లు చూపించి వాదించే వాళ్లకు ఒక మాట. ఈపీఏ 2008 మోడళ్ల నుంచి పరీక్ష పద్ధతి మార్చింది. ఎక్కువ వేగం, ఏసీ, చలి వాతావరణం లెక్కలోకి వచ్చాయి, దాంతో అంకెలు తగ్గాయి. పాత పద్ధతి అంకెను కొత్త పద్ధతి అంకె పక్కన పెడితే పాత కారు ఊరికే గెలుస్తుంది. మన దేశంలో జరిపే పరీక్షలో అయితే వేగం గంటకు 90 దాటదు. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐకి లీటరుకు 17.2 అని రాశారు. నెల్లూరు ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో అందులో మూడింట రెండొంతులు వచ్చినా గొప్పే.

అసలు కిటుకు హైవే మీద ఉంది. నెల్లూరు నుంచి ఒంగోలు 120 కిలోమీటర్ల పైమాట. నాలుగు లేన్ల జాతీయ రహదారులపై కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100. చదునైన రోడ్డు మీద ఆ వేగంలో స్పోర్ట్స్ కారు సాగిపోవడానికి అటూ ఇటుగా 20 హార్స్‌పవర్ చాలు. 380 ఉన్న 911లో మిగతా 360కి పనేమీ లేదు, కానీ వాటి ఖర్చు మాత్రం ఉంటుంది. యాక్సిలరేటర్ కొంచెమే తొక్కినప్పుడు పెట్రోలు ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి దాదాపు మూసుకునే ఉంటుంది. ఆ సందులోంచి గాలి లాక్కోవడానికే పిస్టన్లు బోలెడు శక్తి తగలేస్తాయి. పెద్ద ఇంజిన్‌ను నెమ్మదిగా నడపడమంటే పెళ్లి వంటల గాడిపొయ్యి మీద ఇద్దరికి టీ కాచడమే.

కొత్త టెక్నాలజీ నిజంగా గెలిచింది ఇక్కడే. అమెరికా స్పోర్ట్స్ కారు షెవర్లే కార్వెట్‌నే చూడండి. 1975 మోడల్‌లో 5.7 లీటర్ల వీ8 ఇంజిన్ ఇచ్చింది 165 హార్స్‌పవర్. 2014 కార్వెట్‌లో 6.2 లీటర్ల వీ8 ఇచ్చింది 455. ఈ కొత్తది భారం లేనప్పుడు ఎనిమిది సిలిండర్లలో నాలుగింటిని ఆపేసి నడుస్తుంది. ఈపీఏ హైవే అంకె లీటరుకు 12 పైనే. ఆటోమేటిక్ పెట్రోలు ఎస్‌యూవీ ఓనర్లు చెప్పే అంకెకు ఇదేమీ దూరం కాదు! గేర్ల సంగతీ అంతే. నాలుగైదు గేర్ల పాత బండి 100 వేగంలో గోల పెడుతూ తిరుగుతుంటే, ఎనిమిది గేర్లది దాదాపు సగం ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లతో) సాగిపోతుంది.

అంటే చట్టం చెప్పిన వేగంలో, కాలు కదపకుండా వెళ్లే వాడికే కొత్త కారు పూర్తి లాభం. అలా వెళ్లడానికి స్పోర్ట్స్ కారు ఎవరు కొంటారు? టంగుటూరు టోల్‌గేటు దాటగానే ఒక్క తొక్కు తొక్కితే చాలు, డ్యాష్‌బోర్డు మీద అప్పటిదాకా 13, 14 చూపిన అంకె రెండుకో మూడుకో పడిపోతుంది. పూర్తి భారం పడినప్పుడు చాలా టర్బో ఇంజిన్లు వేడి తగ్గించుకోవడానికి అదనంగా పెట్రోలు చిమ్ముతాయి. మన మే నెల ఎండల్లో పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజిన్ టకటక కొట్టుకోకుండా కంప్యూటరు స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది, అక్కడా కొంత పోతుంది. చిన్న ఇంజిన్ కాబట్టి ఎలా తొక్కినా తక్కువే తాగుతుందనుకోవడం భ్రమ.

హైబ్రిడ్ వస్తే మారుతుందనుకున్నాం. 2024లో 911 కరెరా జీటీఎస్‌కు పోర్షే హైబ్రిడ్ పెట్టింది. బ్యాటరీ రెండు యూనిట్లు కూడా లేదు. దాని పని ముఖ్యంగా టర్బోను చప్పున తిప్పడం, ఇంజిన్‌కు చెయ్యందించడం. ఇంజిన్, మోటారు కలిపి 540 హార్స్‌పవర్ దరిదాపుల్లోకి తెచ్చారు. మళ్లీ అదే కథ.

పాత బండి వైపు చెప్పాల్సిందీ ఉంది. చెన్నై నుంచో బెంగళూరు నుంచో సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్న పదిహేనేళ్ల కారు ఇచ్చే మైలేజీ ఆ మోడల్‌ది కాదు, ఆ బండిది. ఆక్సిజన్ సెన్సర్ మందగించి ఉంటుంది, ఇంజెక్టర్లు సరిగా చిమ్మవు. పైగా ఎవరో కంపెనీ సైజు తీసేసి పెద్ద టైర్లు వేయించి ఉంటారు. అప్పుడు మీటరు అసలు దూరం కన్నా తక్కువ చూపిస్తుంది, ఓనరేమో ఇంజిన్‌ను తిడుతుంటాడు. ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి, ఫోన్‌లో జీపీఎస్ దూరం చూసుకుని, మళ్లీ అక్కడే ఫుల్ చేయిస్తే తప్ప లెక్క తేలదు.

దీనికి ఇప్పుడు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు తోడైంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, పది శాతం ఇథనాల్‌కు సరిచేసిన కార్లలో ఈ20తో మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. పాత కార్లలో రబ్బరు పైపులను ఇథనాల్ తినేస్తుందేమోనన్న టెన్షన్ అదనం.

ఇక డబ్బు సంగతి. ఇలాంటి కారు ఏడాదికి తిరిగేది మూడు వేల కిలోమీటర్లనుకుందాం. లీటరుకు 8 ఇచ్చే పాతదానికి 375 లీటర్లు, 10 ఇచ్చే కొత్తదానికి 300. తేడా 75 లీటర్లు, లీటరు 110 చొప్పున 8,250 రూపాయలు. ఆ డబ్బుకు కొత్త కారు టైరు ఒక్కటి కూడా రాదు. మైలేజీ సాకుతో పాత స్పోర్ట్స్ కారు అమ్మి కొత్తది తీసుకుంటున్నానని ఎవరైనా ఇంట్లో చెబితే, ఇంట్లోవాళ్లు కాగితం, పెన్ను తీసుకోవడం మంచిది.